రొయ్యల చెరువు గట్టున మారు బ్యాటరీ

కెమెరాలోని అసలు బ్యాటరీ ఉబ్బిపోయింది. దాన్ని ఎలాగో పెరికి తీసి, ఖాళీ కెమెరాను కొన్ని వారాలు బీరువాలో పడేశాను. కంపెనీ బ్యాటరీ కావాలంటే హైదరాబాద్ నుంచి రావాలన్నారు. చివరికి రాజమండ్రిలో ఒక సందుకొట్టులో మారు బ్యాటరీ దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూశాను. పాతదానికంటే తేలిక. దాని మీద అచ్చువేసిన శక్తి మాత్రం పాతదానికి దాదాపు రెట్టింపు. విలేకరిగా నేను గమనించింది ఒకటుంది: నిజం చెప్పేవాడు ఒక్కోసారి తక్కువ చెబుతాడు, అబద్ధం చెప్పేవాడు ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతాడు.

“ఒరిజినలేనాండీ?” అని అడిగాను.

“డూప్లికేటేనండి. డూప్లికేట్లలో మాత్రం ఇదే ఒరిజినల్,” అన్నాడు కొట్టాయన, మొహంలో నవ్వన్నది లేకుండా.

ఆ వారంలోనే మొగల్తూరు వైపు నుంచి ఒక కౌలు రైతు మా ఆఫీసుకు వచ్చాడు. సార్వా వరి నాట్ల కోసం అతను ఆకుమడిలో నారు పోశాడు. పక్కనే ఒక పెద్ద రైతు రొయ్యల చెరువులు. రొయ్యలు పట్టేశాక ఉప్పునీటిని దూరాన ఉన్న మురుగు కాలువకు తోడించాలి. ఆ ఖర్చెందుకని పొలాలకు నీళ్లిచ్చే దగ్గరలోని పంటబోదెలోకి పైపు వేస్తున్నారని ఇతని ఫిర్యాదు.

“పొద్దున్నే పైపు ఉంటదండి. ఆఫీసర్లు వచ్చేసరికి ఉండదండి. ఫొటో పడితే గాని నమ్మరు. ఆకుమడి ఎర్రబడిపోతందండి బాబూ! నారు పోతే నేనేం నాటను?”

మర్నాడు తెల్లవారగానే అతనితో కలిసి వెళ్లాను. పైపు ఉంది. కొబ్బరి మట్టలు కప్పి ఉంచారు, చివర మాత్రం బోదెలోకి కారుతోంది. కెమెరా తెరవగానే తేదీ, నెల, సంవత్సరం నింపమంది. ఇన్నాళ్లూ బ్యాటరీ లేక దాని లోపలి గడియారం ఆగిపోయింది. ఎవరైనా వచ్చి పైపు లాగేస్తారేమోనని ఆ ప్రశ్న దాటేసి మీట నొక్కాను. ఒక ఫొటో వచ్చింది. రెండోదానికి ఎర్రగుర్తు మిణుకుమని కెమెరా కన్ను లోపలికి పోయింది. ఇంటి దగ్గర చార్జింగ్ పూర్తిగా పెట్టుకుని వచ్చిన బ్యాటరీ అది. నా ఫోన్‌కు కెమెరా లేదు.

అంతలో మోటారు సైకిల్ మీద చెరువుల యజమాని దిగారు. తెల్లటి లుంగీ, చేతిలో సెల్ ఫోన్.

“ఏంటండీ ఇది? మా ఊరొచ్చి మా గుమ్మం తొక్కకుండా పోతారా? చార్జింగేగా, మా ఇంట్లో పెట్టుకోండి.”

చార్జింగ్ మాట నేను ఎత్తలేదు. కెమెరాను విదిలిస్తుంటే చూసి ఉండవచ్చు. ఉండవచ్చు. కానీ ఊళ్లో ఆ పూట కరెంటు లేదు, జనరేటర్ ఉన్నది ఆయన ఇంట్లోనే. చార్జర్ నా సంచిలో ఉంది. రైతు వైపు చూశాను. అతను మా వెనకే నడిచాడు.

హాల్లో చార్జర్ పెట్టి, దానికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దాని మీద చూపు తిప్పకూడదనుకున్నాను. కానీ మన జిల్లాలో ఒకరింట్లో కూర్చుని చూపు తిప్పకుండా ఉండటం సాధ్యం కాదు. పెసరట్టు వచ్చింది, అల్లం పచ్చడి వచ్చింది, పూతరేకులు వచ్చాయి. వద్దంటే ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు.

“ఆకుమడి ఎర్రబడిందన్నాడా? జింకు లోపమండి అది. జింకు చల్లరా అని నేనే చెప్పాను. వింటేనా? కూర్చోండి, ఇప్పుడే వస్తాను.”

ఆయన పెరట్లోకి వెళ్లి ఫోన్‌లో నెమ్మదిగా మాట్లాడారు. రైతు అరుగు మీదే ఉండిపోయాడు. అతనికి పంపిన పళ్లెం ముట్టకుండా పక్కకు జరిపాడు. గుమ్మంలోంచి నేను అతనికి కనిపిస్తూనే ఉన్నాను, పెసరట్టుతో సహా.

రెండో అట్టు వడ్డించేలోపే చార్జర్‌లో పచ్చలైటు వెలిగింది. అంత త్వరగా నిండే బ్యాటరీని ఎవరు నమ్ముతారు? నమ్మకపోయినా తీసుకుని లేచాను.

గట్టు దగ్గర పైపు లేదు. మట్టలు లేవు. పైపు ఉన్నచోట తడి బంకమన్ను మెత్తి ఉంది.

“పెసరట్టులో ఉప్పు సరిపోయిందాండీ?” అన్నాడు రైతు.

బ్యాటరీ డూప్లికేటని, అందుకే ఆగిపోయిందని చెప్పాను. కొట్టాయన మాట నేనెలా విన్నానో, అతను నా మాట అలాగే విన్నాడు.

దొరికిన ఒక్క ఫొటో పత్రిక డెస్కుకు పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది. “ఫొటో మూలన చూసుకున్నారా? కొన్నేళ్ల కిందటి జనవరి ఒకటో తేదీ పడింది. ఇది ఇప్పటి పైపేనా అసలు?” జరిగింది చెప్పాను. ఆ అంకెలు కత్తిరించి వేశాక పెద్ద రైతు ఫిర్యాదు చేస్తే ఏం చేస్తామన్నారు. చివరికి ఫొటో లేకుండా, ఆయన చెప్పిన జింకు వివరణతో సహా, జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది.

నాట్ల రోజుల్లో మళ్లీ ఆ వైపు వెళ్లాను. ఆకుమడి సగానికి పైగా మాడిపోయింది. పొలం గట్టు మీద మాత్రం పచ్చటి నారు కట్టలు గుట్టగా ఉన్నాయి.

“చెరువుల పెద్దాయన పంపేరండి. ఊరికేనంట. ట్రాక్టర్ కిరాయి కూడా ఆయనదేనంట,” అన్నాడు రైతు. “మీరు రాసినందుకు పంపేరాండీ, ఫొటో వెయ్యనందుకు పంపేరా?”

“నాకూ తెలియదండి.”

“మీకు తెలీదు. సరే లెండి.”

మొత్తం పొలం నాటలేదు అతను. ఒక మూల మడిలో మాత్రం నాటించి, మిగిలిన కట్టలు ఎండిపోకుండా తడి గోనె కప్పాడు. బోదె నీళ్లు కాదు, ఎక్కడినుంచో బిందెతో తెచ్చిన నీళ్లు. తర్వాత గట్టు మీద గొంతుక్కూర్చుని, నాటిన మూల వైపే చూస్తూ ఉండిపోయాడు. మిగతాది నాటమంటారా అని కూలీలు వచ్చి అడిగితే, “ఉండండర్రా. ముందు అది వేరు పట్టనీ,” అన్నాడు.