ఓటు వరుసలో బిందెలు

నా చిన్నప్పుడు నాచారం పాత ఊళ్లోని మా వాడంతా ఒకే గుర్తుకు ఓటు వేసేది. ఏ గుర్తుకో మా తాతయ్య చెప్పేవాడు. పోలింగు రోజు పొద్దున్నే ఆయన తెల్ల అంగీ తొడుక్కుని ముందు నడిస్తే, వెనక మగవాళ్లు, ఆ వెనక మంచి చీరలు కట్టుకున్న ఆడవాళ్లు, జాతరకు పోయినట్టు ఓట్లు వేసే బడికి పోయేవాళ్లు. తాతయ్య కిరాయికిచ్చిన గదుల వాళ్లు మాత్రం ఆ రోజు కనిపించేవారు కాదు. ఫ్యాక్టరీల్లో పనికి జిల్లాల నుంచి వచ్చిన వాళ్ల ఓట్లు సొంతూళ్లలోనే ఉండేవి. ముందురోజే గదులకు తాళాలు వేసి, ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కేవాళ్లు.

ఆ ఏడు తాతయ్య అలిగాడు. చుట్టూ కాలనీలకు నల్లాలు వచ్చాయి, మా వాడకు రాలేదు. మా ఆడవాళ్లు బడి గోడ పక్కనున్న బోరింగు నుంచి నీళ్లు మోసుకొచ్చేవాళ్లు. "నల్లా వచ్చేదాంక ఈ వాడల ఒక్క ఓటు పడొద్దు. కాదని ఏసినోళ్లు నా గదులల్ల ఉండొద్దు" అని అరుగు మీద కూర్చుని చెప్పేశాడు.

ఆ మాట ఎక్కువగా తగిలింది మా గదుల్లో ఒకదాంట్లో కిరాయికుండే అక్కకు. ఆమె దారం మిల్లులో పనిచేసేది. పెళ్లయ్యాక పుట్టిన ఊళ్లో ఓటర్ల జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు, అత్తగారి ఊళ్లో ఎక్కించనే లేదు. ఎన్నోసార్లు ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ ఏడే మా ఊళ్లో మొదటి ఓటు సంపాదించుకుంది. కార్డు మీద తన ఫోటో బాగా రాలేదని నవ్వుతూనే మళ్లీ మళ్లీ నాకు చూపించేది. భర్త ఓటు కోసం సొంతూరికి పోతే, ఈమె చంటిపిల్లతో ఉండిపోయింది. ఓటు వేస్తే గది పోతుంది. వేయకపోతే అంత తిరిగిందీ వృథా.

పోలింగు రోజు మా నానమ్మ ఎప్పటిలాగే బిందె తీసుకుంది. అక్క గది ముందు ఆగి, "కార్డు బిందెల ఏసుకొని రా బిడ్డా, నీళ్లకు పోదాం" అంది మెల్లగా. ఆ మాట ఇంటింటికీ ఎట్లా పాకిందో గానీ, వాడ ఆడవాళ్లంతా బిందెలతో బయల్దేరారు. నేను నానమ్మ కొంగు పట్టుకుని నడిచాను. అరుగు మీది నుంచి తాతయ్య చూశాడు. నీళ్లకు పోయేవాళ్లను ఎవరు ఆపుతారు?

బడి వరండాలో వరుస అప్పటికే పొడుగ్గా ఉంది. బోరింగు దగ్గర మా వాళ్లకు ఒక అలవాటు. బిందెను వరుసలో పెట్టి, మనిషి నీడకు పోయి కూర్చుంటుంది. బిందె ఉన్నచోట ఆ మనిషి ఉన్నట్టే లెక్క. ఆ రోజు కూడా చేతులు అలవాటు కొద్దీ అదే పని చేశాయి. ఓటు వరుస చివర రంగురంగుల బిందెలు పెట్టి, అందరూ గోడ నీడకు చేరారు.

అక్కడున్న పోలీసాయన బిందెలను చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఏందమ్మా ఇది? బిందెలకు ఓటుందా? మనిషి నిలబడాలె!" వరుసంతా పకపకా నవ్వింది. "గా పచ్చ బిందె ఏ గుర్తుకేస్తదంట?" అన్నాడొక మగాయన.

"నీళ్లు తెచ్చే గుర్తుకేస్తది. నీకేం ఫికర్?" అంది నానమ్మ.

అక్క నవ్వలేదు. ఆ పచ్చ బిందె ఆమెదే. పిల్లను భుజాన వేసుకుని, బిందె అందుకుని తిరిగిపోబోయింది. "నేను పోత అవ్వా. అందరు సూస్తున్నరు. తాతకు తెలుస్తది, గది పోతది."

నానమ్మ ఆ పిల్లను తీసి నా ఒళ్లో కూర్చోబెట్టింది. "ముందు నేను నిలబడ్త. నా ఎనక నువ్వు నిలబడు" అని అక్క చెయ్యి పట్టుకుని వరుసలోకి నడిచింది. వాళ్లను చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచి, కార్డులు తీసుకుని, బిందెలను నీడకు చేర్చి వరుసలో నిలబడ్డారు. నీడలో నేనూ, చంటిపిల్లా, ఖాళీ బిందెలూ మిగిలాం.

ఓట్లు వేశాక నీళ్లు నింపుకుని వచ్చాం. నానమ్మ చెంబు ముంచి, రెండు చేతులా పట్టుకుని తాతయ్యకు అందించింది. వేలి మీద సిరా మెరుస్తోంది. వెనక అక్క తన చెయ్యిని కొంగులో దాచుకుని నిలబడింది.

"ఏసొచ్చినవా?" అన్నాడు తాతయ్య.

"ఏసొచ్చిన. గది ఖాళీ చేయించుడైతే ముందు నన్ను చేయించు. అందరికన్న ముందు ఏసింది నేనే."

తాతయ్య నీళ్లన్నీ తాగాడు. మూతి తుడుచుకుని, "ఎవరికేసినవే?" అన్నాడు చిన్న గొంతుతో. నానమ్మ నవ్వింది గానీ చెప్పలేదు. ఆయన అక్క వైపు తిరిగి, "పిల్లకు ఎండ తగిలినట్టుంది, లోపటికి తీస్కపో" అన్నాడు. గది ఊసు మళ్లీ ఎత్తలేదు. పోలింగు ముగిసే వేళకు తెల్ల అంగీ తొడుక్కుని బడి వైపు నడిచాడు. ఆయన వెనక ఎవరూ లేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత మా వాడకు నల్లా వచ్చింది. ఓట్లకు భయపడి నాయకులు వేయించారో, తాతయ్య అలకకో, ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు తాతయ్యా లేడు, నానమ్మా లేదు. నేను తక్కువ మాట్లాడే మనిషిని. నలుగురిలో నోరు విప్పాల్సి వస్తే, నా మాట ఇంకెవరితోనైనా చెప్పించి నీడలో కూర్చోవాలనిపిస్తుంది. అప్పుడు మనిషికి బదులు వరుసలో నిలిచిన ఆ పచ్చ బిందె గుర్తొస్తుంది. లేచి వెళ్లి నేనే నిలబడతాను. నా ముందు నానమ్మ ఉన్నట్టే లెక్క.