లచ్చవ్వ నిమ్మకాయ, నా సైకిలు ఫోర్కు

గ్లాసెడు నూనెతో ఒక మనిషి తన మోచేతి చర్మాన్నీ, పదిహేనేళ్ల వాదనా పటిమనూ ఒకేసారి ఎలా పోగొట్టుకోగలడో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ముందే చెబుతున్నాను, ఈ కథలో నేను కింద పడతాను. అయినా గర్వంగానే చెబుతాను. పడ్డవాడికి ఆ హక్కు ఉంటుంది.

నాలుగేళ్ల కిందటి మాట. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక పాత మట్టికుప్ప ఒకటుంది. ఎప్పుడో గని తవ్వి పోసిన మట్టి. ఇప్పుడు చెట్లు మొలిచి చిన్న గుట్టలా తయారైంది. దాని మీద ఎక్కి దిగడానికి నేనొక మౌంటెన్ బైక్ కొన్నాను. ముందు చక్రాన్ని పట్టుకునే దాని ఫోర్కుకు రెండు కాళ్లు. గుంత వస్తే అవి కుంగుతాయి, మళ్లీ లేస్తాయి, మన ఎముకలను కాపాడతాయి. రెండేళ్లు మా ఊరి బొగ్గు దుమ్ము తిన్నాక, కుంగినప్పుడల్లా అవి పాత తలుపులా మూలగసాగాయి.

ఆ మూలుగును మొదట పట్టుకున్నది పక్క క్వార్టర్లో ఉండే లచ్చవ్వ. మా అక్కకు అత్తగారు.

"బిడ్డా, నీ సైకిల్ ఏడుస్తున్నది. పోయిన దసరాకు దానికి పూజ చెయ్యకపోతివి. ఓ నిమ్మకాయ కట్టు, నోరు మూస్తది."

నిమ్మకాయ! సభల్లోనూ పత్రికల్లోనూ పదిహేనేళ్లుగా నేను చేస్తున్న యుద్ధమే నిమ్మకాయ మీద. నాకు వేదిక అక్కర్లేదు, గడప చాలు. అక్కడే అందుకున్నాను.

"అవ్వా, దానికి పట్టింది దుమ్ము, దిష్టి కాదు. ఇప్పి కడిగి కొత్త నూనె పోస్తే అదే బాగయితది."

"నీకచ్చా ఆ పని?"

"చదివి నేర్చుకుంట."

లోపల అన్నం తింటున్న సమ్మయ్య బావకు నవ్వొచ్చి పొలమారింది. లచ్చవ్వ కొడుకు, మా అక్క భర్త. ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో బొగ్గు మోసే డంపర్లు బాగుచేసే ఫిట్టరు. చెయ్యి కూడా కడగకుండా బయటికొచ్చి తీర్పు చెప్పేశాడు.

"బామ్మర్దీ, నువ్వు ఇప్పు, నేను సాయం వస్త. దసరా పొద్దుగాల అందరి ముంగట మట్టికుప్ప మీదికెల్లి దిగాలె. సక్కగ దిగితే మా అమ్మ ఇగ నీ సైకిల్ జోలికి రాదు. పడితే నువ్వే దానికి బొట్టు వెట్టి, నీ చేత్తోనే కొబ్బరికాయ కొట్టాలె. మంజూరా?"

"మంజూరు!" అన్నాను. అప్పటిదాకా నా చేతికి తెలిసిన పనిముట్టు కలం ఒక్కటేనని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

దసరా ముందు రోజు మా వరండాలో ఆపరేషన్ మొదలైంది. ముందుగా ఫోర్కులోని గాలి వదలాలని చదివాను, వదిలాను. ఆ రోజు నేను చేసిన సరైన పనుల్లో అదే పెద్దది కాబట్టి దయచేసి గుర్తుపెట్టుకోండి. అడుగు బోల్టులు విప్పి కింది గొట్టాలను లాగితే నల్లటి బురద కారింది. కొత్త గని దొరికిందనుకున్నాను. పసిపిల్లకు స్నానం చేయించినంత శ్రద్ధగా అన్నీ తుడిచి మళ్లీ తొడిగాం. సైకిలును తలకిందులు చేశాం. ఇక అడుగు రంధ్రాల్లోంచి నూనె పోసి బోల్టులు బిగించడమే.

"ఎంత పొయ్యాలె?" అన్నాడు బావ.

"ఒక్కో కాలుకు రెండు చెంచాలని రాసిండ్రు."

బావ నన్ను జాలిగా చూశాడు. "పోపు వెడుతున్నవా ఏంది? మా డంపర్‌కు డబ్బాలకు డబ్బాలు పోస్తం. నూనె తక్కువైతే లోపల ఇనుమును ఇనుమే తింటది. నింపు!"

మా బొగ్గు ప్రాంతంలో డంపర్ అంటే సామాన్యం కాదు. దాని చక్రమే మా ఇంటి తలుపు కంటే ఎత్తు. కారణం అడగకుండా ఎవరి మాటా నమ్మవద్దని ఊరంతటికీ చెప్పే నేను, డంపర్ పేరు వినగానే బుద్ధిగా తలూపాను. రెండు కాళ్లలోనూ పొంగేదాకా పోసి, బోల్టులు బిగించి, గాలి కొట్టాను. హ్యాండిల్ మీద బలమంతా వేసి నొక్కితే ఫోర్కు వెంట్రుకవాసైనా కుంగలేదు.

"ఎంత గట్టిగుందో సూడు!" అన్నాడు బావ.

"కొత్తదాని లెక్కనే అయింది" అన్నాను నేను.

కుంగడం కోసమే పుట్టిన వస్తువు కుంగకపోతే సంబరపడ్డ మేధావులం మేమిద్దరమే అయి ఉంటాం.

దసరా పొద్దున మట్టికుప్ప కింద జనం. బండ్లకు బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఆ చేతులతోనే వచ్చారు. నేను పైనుంచి చెయ్యి ఊపి బయలుదేరాను. మొదటి గుంత నా భుజాలను పలకరించింది. రెండోది పళ్లను లెక్కపెట్టింది. మూడో గుంతలో లోపల ఇరుక్కున్న నూనె ఇక దారిలేక గొట్టాల పైమూతినున్న రబ్బరు సీళ్లను తన్నుకుని నా ముఖం మీదికి చిమ్మింది. కళ్లు కనపడలేదు. సైకిలు ఎక్కడ ఆగిందో తెలియదుగాని నేను తంగేడు పొదలో ఆగాను. బతుకమ్మకని పూలన్నీ ముందే కోసుకుపోయారు. నాకు మిగిలినవి కొమ్మలే.

"ఇగ కొట్టు కొబ్బరికాయ!" కిందినుంచి కేకలు.

లేచాను. గడ్డం నుంచి నూనె కారుతుండగా చెయ్యెత్తాను. "ఆగుండ్రి! పడ్డది నా తప్పుతోటి. రెండు చెంచాలు పొయ్యాల్సిన కాడ నిండ పోసిన. నూనె ఎంత నొక్కినా నలగదు, గందుకే ఫోర్కు కుంగలేదు. అరగంట ఇయ్యుండ్రి, మీ ముంగటనే సరిజేస్త."

జీవితంలో ఎన్నో ఉపన్యాసాలిచ్చాను. "తప్పు నాది" అన్నది అదే మొదటిది. నా మాటను జనం చెవొగ్గి విన్నదీ అప్పుడే.

"సగం నాది" అంటూ బావ పానాలు తెచ్చాడు. సైకిలును తలకిందులు చేయగానే సీటు కింద వేలాడుతూ కనిపించింది: ఒక నిమ్మకాయ, రెండు పచ్చి మిరపకాయలు. పడ్డ దెబ్బకు పచ్చడైపోయాయి.

"ఇదెవరు కట్టిండ్రు?"

"నేనే బిడ్డా" అంది లచ్చవ్వ, ఏ జంకూ లేకుండా. "పొద్దుగాల నువ్వు తానం చేస్తుంటే కట్టిన. పడుతవేమోనని."

నా ఒళ్లు పులకరించింది. నేను నిమ్మకాయ ఉండగానే పడ్డాను! దాన్ని తెంపి జేబులో వేసుకున్నాను, సాక్ష్యం కదా. నూనె మొత్తం దించాం. బావ పైపు ముక్కతో సీళ్లను మళ్లీ కూర్చోబెట్టాడు. లచ్చవ్వే తన దగ్గు మందు సీసా మూత తెచ్చిచ్చింది. దాంతో కొలిచి ఒక్కో కాలికి రెండు చెంచాలే పోశాను. నొక్కితే ఫోర్కు కుంగింది, లేచింది. మూలుగు లేదు.

ఈసారి అన్ని గుంతలూ దాటి, నూనె ముఖంతో, జనం మధ్యలోకి దిగి బ్రేకు వేశాను. జేబులోని పచ్చడిని తీసి పైకెత్తాను.

"సూసిండ్రా? నిమ్మకాయ ఉన్నప్పుడు పడ్డ. నిమ్మకాయ తీసినంక సక్కగ దిగిన. ఇంతకంటె రుజువు కావాల్నా అవ్వా?"

లచ్చవ్వ ఆ పచ్చడిని చూసింది, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"పిచ్చి బిడ్డా! నీ మీదికొచ్చిన గండం అది తీసుకున్నది. గందుకే అది నలిగింది, నువ్వు నిలవడ్డవు."

చప్పట్లు మోగాయి. నాకు కాదు.

రెండోసారి చక్కగా దిగాను కాబట్టి కొబ్బరికాయ నేను కొట్టలేదు, ఆమే కొట్టింది. పెద్ద ముక్క నాకే పెట్టింది. తిన్నాను. కొబ్బరితో నాకు సిద్ధాంత విభేదాలేమీ లేవు. ఆ ఫోర్కును అప్పటి నుంచి ప్రతి దసరా ముందు నేనే విప్పుతున్నాను, చుక్క నూనె కారనివ్వలేదు.

కాబట్టి ఆ దగ్గు మందు మూత మీద చెయ్యి పెట్టి, సకల సభాసదుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట డంపరే స్వయంగా వచ్చి చెప్పినా కొలవకుండా నూనె పొయ్యను. లచ్చవ్వకు రుజువులు చూపించను.