చట్రం కింది మనిషి

మా ఆడపడుచు ఇల్లు వదిలి వెళ్తానన్న రోజున మా అత్తయ్య పెట్టిన శోకాలకి వీధి వీధంతా ఉలిక్కిపడింది. పక్కింటి టైలరు చెప్పులు బయట విడిచి, మొహం దిగులుగా పెట్టుకుని లోపలికొచ్చాడు. పోయిందెవరో అడగడానికి మొహమాటపడి, కాసేపు గోడకేసి చూస్తూ కూర్చుని వెళ్ళిపోయాడు. అయ్యా, ఎవరూ పోలేదు! నలభై దాటిన ఆడమనిషి తన బతుకు తను బతుకుతానంది, అంతే. దానికి ఆ రాగాలన్నీ.

ఆమె అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. పుట్టినప్పుడు చంటి అన్నారు, జుట్టు నెరుస్తున్నా చంటే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు ఆమె కాళ్ళు మాత్రమే చూశానంటే నమ్ముతారా? మిగతా మనిషి చట్రం కింద ఉంది.

మాది పరుపుల దుకాణం. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. ముందు గది మధ్యలో నడుమెత్తు చెక్క చట్రం, దాని మీద దూరం దూరంగా చెక్కపట్టీలు. దూది కూరిన పరుపుని ఆ పట్టీల మీద పరుస్తారు. మా ఆయన నిలబడి, జానెడు పొడవున్న సూదిని పరుపులోంచి కిందికి గుచ్చుతాడు. కింద కూర్చున్న మనిషి దాన్ని అందుకుని, దారం బిగించి, ముడివేసి, మళ్ళీ పైకి పంపాలి. పైనున్నవాడికి గాలి, వెలుతురు, వచ్చేపోయేవాళ్ళ పలకరింపులు. కిందున్న మనిషికి కళ్ళల్లో దూది నలుసులు, వంగిపోయిన నడుము. మా మామగారి కాలంలో ఆయన పైన, అత్తయ్య కింద. అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాక ఆ చోటు చంటికొచ్చింది, అదేదో ఆస్తి రాసిచ్చినట్టు!

పరుపు గుంటలు పడకుండా ఏళ్ళ తరబడి నిలిచేది కింది ముడి వల్ల. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా కొన్నవాళ్ళు వచ్చి "మీ చేతిలో ఏదో ఉందండీ" అంటే, మా ఆయన పళ్ళికిలించి "ఏదో మీ అభిమానం" అనేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వేలు కిందికి చూపించిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండి వంటింట్లోంచి "కింద ఇంకో మనిషి కూడా ఉందండోయ్!" అని అరిచేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. నేను హాస్యాలాడుతున్నాననుకునేవాళ్ళు కాబోలు.

ఆమెకి పెళ్ళి మాట రాలేదా అంటే, వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఆర్డరు అడ్డొచ్చింది. ఈ ఆసుపత్రి పని కానీ, ఈ హాస్టలు పని కానీ అంటూ సాగదీశారు. పనులు అయిపోలేదు, అడిగేవాళ్ళు అయిపోయారు. ఎవరిని తిట్టాలి దీనికి? నేనైతే వరసపెట్టి అందరినీ తిట్టాను.

అలా ఉండగా ఒకరోజు వేరే ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడో పరుపుల కంపెనీలో సూపర్‌వైజరట. పాత పరుపు ఒకటి తెచ్చి ఇది మీరు కుట్టిందేనా అని అడిగింది. అవునని మా ఆయన మొదలుపెట్టాడు, నాన్నగారి దగ్గర నేర్చుకున్నాననీ, ఈ చుట్టుపక్కల ఇంత పనివాడు లేడనీ. ఆవిడ వింటూ వింటూ చటుక్కున వంగి చట్రం కిందికి చూసింది. అన్నేళ్ళలో ఆ దుకాణానికొచ్చి నడుం వంచిన మొదటి మనిషి ఆవిడే.

"ఈ ముడులు నీవేనామ్మా?"

"అవునండి," అంది చంటి.

"ఉద్యోగం చేస్తావా మా దగ్గర? నెల జీతం, ఉండడానికి గది కూడా ఇస్తాం."

మా ఆయన సూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చంటి ఆ పూటంతా కింద ముడులు వేస్తూనే ఉంది. రాత్రి అన్నాల దగ్గర, "నేను వెళ్తాను," అంది. ఆ తర్వాతే నేను చెప్పిన శోకాలు.

అత్తయ్య గుండెలు బాదుకుంది. "నా కళ్ళముందు ఉండక ఎక్కడికే? ఒంటరి ఆడదానివి, ఎవరు చూస్తారే నిన్ను?" అంది. ఇక్కడ ఎవరు చూశారమ్మా అని నేనడిగితే, నా మీదికి తిరిగింది, నేనే ఎగదోశానని. ఎగదోస్తే మాత్రం తప్పేంటి? మా ఆయన ఏడవలేదు. తెలివైనవాడు. మర్నాడే పోయి ఒక పెద్ద హాస్టలు ఆర్డరు ఒప్పుకుని వచ్చాడు. "ఇది గడువులో ఇవ్వకపోతే పరువు పోతుంది చంటీ. ఇదొక్కటీ అయ్యాక వెళ్దువులే" అన్నాడు. ఈ పాట ఆమె పాతికేళ్ళ వయసు నుంచీ వింటోంది. కానీ ఈసారి "సరే" అనలేదు. ఆ తేడా మా ఆయనకి అర్థమైంది. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇంకో పని చేశాడు.

రెండు రోజుల తర్వాత అన్నం తింటూ, పెద్ద ఘనకార్యం చేసినట్టు నాతో అన్నాడు. "ఆ కంపెనీ ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశాలే. మా చెల్లెలికి ఒంట్లో బాగుండదు, రాలేదు, ఇంకెవరినైనా చూసుకోండి అని. పీడా పోయింది."

తిట్లన్నీ ఒక్కసారే నోటికొచ్చాయి. ముందు ఏది అనాలో తెలియలేదు. నేను నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"నాకేం రోగం అన్నయ్యా?"

"రోగమని కాదే... మర్యాదగా ఉంటుందని..."

"ఏం రోగమని చెప్పావు?"

"నడుంనొప్పని."

"అది నిజమే," అంది చంటి. "ఎందుకొచ్చిందో కూడా చెప్పావా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేనిక ఆగలేదు. కడిగిపారేశాను. సొంత చెల్లెలి నోటి దగ్గర కూడు లాక్కోవడానికి సిగ్గులేదా అన్నాను, ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయడం బాగుండదు. చంటి మాత్రం ఆయన ఫోన్ తీసుకుని ఆ కంపెనీ ఆవిడకి చేసింది. ఆ చోటు అప్పుడే ఇంకొకామెకి ఇచ్చేశారట. "నువ్వు రేపే వచ్చి పని చూపిస్తే మా వాళ్ళతో మాట్లాడతాను. మాటివ్వలేను," అంది ఆవిడ. ఇంత చేసి, రేపొక్క రోజు మిగిలింది.

తెల్లారి ఇద్దరం బయల్దేరాం. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చంటి సంచీ భుజాన వేసుకుని, "అమ్మా, కాలు కాస్త అటు తీయి, మోకాలికి తగులుతుంది," అంది. అలవాటు చొప్పున అత్తయ్య కాలు తీసింది. మా ఆయన చట్రం దగ్గర నిలబడే అన్నాడు, "వెళ్ళనీ. వారం తిరక్కుండా తనే వస్తుంది. కింది పని తప్ప ఏమొచ్చని దానికి?"

బస్సులో ఆ మాటే ఆమెని తినేసింది. "నిజంగానే నాకు రాదేమో వదినా. పరుపు పైవైపు ఎలా ఉంటుందో కూడా నేను సరిగా చూడలేదు," అంది. నేను దారి పొడుగునా ధైర్యం చెబుతూనే ఉన్నాను.

కంపెనీ అంటే పొడుగాటి రేకుల షెడ్డు. ఎత్తుగా కిటికీలు, వరసగా చట్రాలు, టీ వేళకి పని ఆపి కూర్చున్న ఆడవాళ్ళు. సూపర్‌వైజరమ్మ ఒక చట్రం మీద కొత్త పరుపు పరిపించి, అంచులు చట్రానికి కట్టించి, "కానీ అమ్మా, మొదలుపెట్టు," అంది. చంటి తలకి గుడ్డ చుట్టుకుంది, సూదికి దారం ఎక్కించుకుంది, ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. చూసి, ఎవరూ ఏమీ చెప్పకుండానే, వంగి చట్రం కిందికి దూరి కూర్చుంది.

షెడ్డంతా ఘొల్లుమంది. "ఏమిటా నవ్వు? అమ్మ కడుపునే పుట్టారా మీరంతా?" అని నేను అరిచాను. నా అరుపుకి నవ్వు ఆగింది. చట్రం కింద చంటి మోకాళ్ళు కౌగిలించుకుని, మొహం ఎత్తకుండా కూర్చుంది. ఆ క్షణంలో మా ఆయన నా ఎదురుగా ఉంటే ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు.

సూపర్‌వైజరమ్మ నవ్వలేదు. మళ్ళీ వంగింది. "పైకి రా తల్లీ. ఇక్కడ కింద ఎవరూ కూర్చోరు."

"మరి సూది ఎవరు తిరిగిస్తారండీ?"

ఆవిడ చంటి చెయ్యి పట్టుకుని లేపి, చట్రం పక్కనున్న కడ్డీని లాగింది. చట్రం ఒక వైపు నుంచి లేచి పరుపు గోడలా నిలబడింది. "అటొకరు, ఇటొకరు. ఇద్దరూ నిలబడే కుడతారు," అంది. నేను దగ్గరికెళ్ళి చూశాను. చట్రం మూలల్లో రెండు ఇనప కీళ్ళు. అంతే! తలుపుకి ఉండే కీళ్ళలాంటివే. మా వీధి చివర ఇనప సామాన్ల కొట్లో దొరికే కీళ్ళు! ఒక మనిషి వయసంతా చట్రం కింద తెల్లారిపోయింది, ఆ రెండు కీళ్ళు వేయించాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. ఎందుకొస్తుంది? ఆలోచించాల్సినవాళ్ళంతా పైన నిలబడి ఉంటే!

అటువైపు ఒకామె నిలబడింది. చంటి సూది గుచ్చింది. మొదటిది వంకర పోయింది, రెండోదీ అంతే. మూడో నాలుగో కుట్టు దగ్గర చెయ్యి కుదిరింది. తర్వాత ఆమె నాకేసి చూడడమే మానేసింది. సూపర్‌వైజరమ్మ ముడులన్నీ బొటనవేలితో నొక్కి చూసి, "ఈమెని వదులుకుంటే మాకే నష్టం. నేను మాట్లాడతాను, నువ్వు సామాను గదిలో పెట్టుకో," అంది.

వచ్చేముందు అడిగాను, "మీ అన్నయ్యకి ఈ కీళ్ళ సంగతి చెప్పమంటావా?"

సంచీలోంచి చీరలు తీసి గదిలో సర్దుతూ అంది చంటి, "చెప్పు వదినా. కానీ ఇప్పుడే వద్దు. ముందు తనని కొన్నాళ్ళు కింద కూర్చోనీ."

మర్నాడు పొద్దున్న హాస్టలు పరుపు చట్రం మీద పరిచి, మా ఆయన నన్ను కేకేశాడు. "చంటి లేదుగా, నువ్వు కింద కూర్చో." నేను వెళ్ళి ఆయన చేతిలోంచి సూది తీసుకున్నాను. తీసుకుని ఆయన నిలబడే చోట నిలబడ్డాను. "గుచ్చడం చూసి చూసి నాకూ వచ్చు. మీరు కూర్చోండి," అన్నాను.

మొహం కందగడ్డలా చేసుకున్నాడు. అత్తయ్య లోపల్నుంచి ఏదో అంది. వీధిలోంచి టైలరు తొంగిచూశాడు. ఆర్డరు ఒప్పుకున్నది ఆయన, గడువుకి మాటిచ్చింది ఆయన. నేను సూది పట్టుకుని అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి లుంగీ పైకి కట్టుకుని, మూలుగుతూ, కిందికి దూరాడు.

కీళ్ళ సంగతి నేనింకా చెప్పలేదు.