కుడివైపుకి మారిన గుమ్మం

మొన్న శ్రావణమాసంలో మా అమ్మాయివాళ్ళు శాన్ రామన్‌లో కొత్తిల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నారు. గరాజ్ నిండా చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, పట్టుచీరల ఆంటీలందరూ వాకిట్లో మూగారు, పంతులుగారేమో ఇంకో చోట వ్రతానికి టైమైపోతోందని తొందరపెడుతున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన మా మనవరాలు పాలగిన్నె పట్టుకుని గడప ముందు ఆగి, "అమ్మమ్మా, కుడి అంటే రైట్, రైట్?" అని అడిగితే అందరూ ఘొల్లున నవ్వి, "కుడికాలు, కుడికాలు పెట్టమ్మా!" అని ఒక్కసారిగా అరిచారు. దాని వెనకాలే నేనూ కాలెత్తాను గానీ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులనుకుని అల్లుడు పరుగున కుర్చీ తెచ్చాడు. వద్దు బాబూ అంటూనే కూలబడ్డాను. ఆ క్షణంలో నా కళ్ళకి కనిపించింది మా అమ్మాయి ఇంటి గుమ్మం కాదు, నేనెన్నడూ వెళ్ళని ఊళ్ళో, ఇవాళ ఆనవాలైనా మిగలని ఒక రాతి ఇంటి గుమ్మం.

మా తరంలో హెచ్-ఫోర్ వీసా మీద ఈ దేశం వచ్చిన ఆడవాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. సన్నీవేల్‌లో ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, పొద్దున్నే ఆఫీస్ షటిల్ ఎక్కి వెళ్ళిపోయే మొగుడు, ఉద్యోగం చేయడానికి వీల్లేని కాగితాలు, మైక్రోవేవ్ గడియారం వంక చూస్తూ కూర్చోవడం. ఇండియాలో ఎంఏ చదివి లెక్చరర్‌గా పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ ఫోన్ మోగితే ఎవరో రాంగ్ నంబరైనా బాగుండు, కాసేపు మాట్లాడొచ్చు అనుకునే స్థితికొచ్చాను. అప్పుడే లైబ్రరీ గోడ మీద ఒక ప్రకటన కనిపించింది. ఊరివాళ్ళెవరైనా వచ్చి కెమెరా పట్టడం, వీడియో ఎడిటింగ్ చేయడం ఉచితంగా నేర్చుకోవచ్చని, ఊరి సొంత టీవీ స్టూడియోవాళ్ళు పెట్టినది. సినిమాల మీద మోజుతో కాదు, నాలుగు గోడలు దాటితే చాలని వెళ్ళాను.

అక్కడ దొరికింది మా అక్క. సొంత అక్క కాదు. దంతవైద్యుడి క్లినిక్‌లో పనిచేసే పాలస్తీనా ఆవిడ, నాకన్నా బాగా పెద్దది, నవ్వితే బుగ్గలో సొట్ట పడేది. పక్కపక్క కంప్యూటర్ల దగ్గర కూర్చున్న మొదటిరోజే, మనవాళ్ళ అలవాటు ప్రకారం, మీదే ఊరని అడిగేశాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగి కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో అందరూ నీది ఏ దేశమని అడుగుతారు, చెబితే అలాంటి దేశమే లేదంటారు, ఊరి పేరు అడిగినదానివి నువ్వొక్కదానివే అంది. ఆ తర్వాత ఊరి పేరు చెప్పి, నేను సరిగ్గా పలికేదాకా వదల్లేదు. నన్ను ఉఖ్తీ అని పిలిచేది, అంటే వాళ్ళ భాషలో నా సోదరి అని. అది నా చెవికి అక్కలాగే వినిపించి నేనూ అక్కా అనడం మొదలుపెట్టాను. పెద్దది చిన్నదాన్ని అక్కా అని పిలవడమేమిటని మా ఆయన వేళాకోళం చేసేవారు.

ఆవిడ దగ్గర ఒక గుడ్డసంచి నిండా టేపులుండేవి. అంతకుముందు వేసవిలో పుట్టింటికి వెళ్ళినప్పుడు చిన్న కెమెరాతో తీసినవి. ఆ ఊరంటే పెద్ద ఊరేమీ కాదు, రాళ్ళ కొండ పక్కన కాసిని ఇళ్ళు, గొర్రెల దొడ్లు, వాననీరు పట్టుకునే ఒక తొట్టి, రేకుల కప్పుతో ఒక బడి. ఆ కొండ మీద కొత్తగా, ఆ ప్రాంతాన్ని ఆక్రమించుకున్నవాళ్ళ కాలనీ ఒకటి వెలిసింది. ఈ ఇళ్ళకి అనుమతుల్లేవు గనక కూలగొడతామని వాళ్ళ సైన్యం ఊరందరికీ నోటీసులిచ్చింది. అనుమతి అడిగితే ఇవ్వరు, అడక్కుండా కడితే కూలుస్తారు. మగదిక్కు పోయి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్న వాళ్ళమ్మ, నేను పెద్దమ్మ అనేదాన్ని, ఎవరేం చెప్పినా కదలనంది. ఆ ఇల్లు నిలవాలి. అక్కకి కావలసింది అదొక్కటే. సినిమా తీసి నలుగురికీ చూపించి, చూసినవాళ్ళ చేత ఇక్కడి ప్రజాప్రతినిధులకి ఉత్తరాలు రాయిస్తే, వాళ్ళు అడిగితే అక్కడివాళ్ళు వింటారని ఆవిడ ఆశ.

నేనూ అందులో చేరానని తెలిసి మా ఆయన అన్నం కలుపుతూ, "వీసా మీద వచ్చినవాళ్ళం, మనకెందుకే ఈ గొడవలు? ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అని..." అన్నారు. కుక్కనైతే అయ్యాను గానీ, ఇంట్లో కూర్చుని ఎవరి మీద మొరగను చెప్పండి అన్నాను. ఆయన నవ్వేశారు. తర్వాత్తర్వాత శనివారాల్లో మమ్మల్ని హాళ్ళకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళిందీ, ప్రొజెక్టర్ మోసిందీ ఆయనే.

ఎడిటింగ్ అంటే తెలియనివాళ్ళకి అదొక మిషన్ పని. నాకు మాత్రం అది ఆ ఊళ్ళో కాపురం ఉండడం లాంటిది. ఒక్క షాట్‌ని ముందుకీ వెనక్కీ తిప్పితిప్పి చూస్తుంటే, తొట్టి దగ్గర బొక్కెన రాతికి తగిలే చప్పుడు, మధ్యాహ్నం బడి విడిచాక పిల్లల అరుపులు, రేకు తలుపు ఈడ్చిన కిర్రు, ఇవన్నీ నా వంటింట్లోకి కూడా వచ్చేసేవి. ఏ కుక్క ఎవరిదో, ఏ గోడ నీడ ఎటు పడుతుందో తెలిసిపోయింది. మా పుట్టింటి వీధిలో ఎవరు పోయారో, ఎవరు ఇల్లు అమ్ముకున్నారో తెలియని రోజుల్లో నేను ఆ ఊరి కబుర్లు చెప్పేదాన్ని.

సినిమా మొదలయ్యేది పెద్దమ్మ నీళ్ళ డబ్బా పట్టుకుని ఇంట్లోకి వెళ్ళే షాట్‌తో. ఇంటి ముందు గోడకి ఎడమ చివర గుమ్మం, పక్కనే దీపం పెట్టుకునే గూడు. పెద్దమ్మ కుడిచేత్తో డబ్బా మోస్తూ, భుజంతో తలుపు తోసి, ఎడమకాలు లోపల పెడుతుంది. అది చూసిన ప్రతిసారీ నా మనసు ఎక్కడో కలుక్కుమనేది. ఒక ఇల్లు నిలబెట్టమని పదిమందిని అడగబోతూ మొదటి అడుగే ఎడమకాలా? మా నాయనమ్మ అయితే ఆ రీలుని పొయ్యిలో పెట్టేది. బెరుగ్గానే అక్కతో అన్నాను. అక్క నవ్వలేదు సరికదా, మా దగ్గరా మంచి చోటికి కుడికాలితోనే వెళ్ళాలంటారు అంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే బొమ్మ అద్దంలోలాగా అటుదిటు అవుతుంది. నొక్కాను. పెద్దమ్మ బుద్ధిగా కుడికాలు లోపల పెట్టి ఇంట్లోకి వెళ్ళింది. మా అమ్మ ఎడమచేతి వాటం అయిపోయిందే అని అక్క కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. గుమ్మం దగ్గరగా కనిపించే షాట్ సినిమా మొత్తంలో అదొక్కటే. అందులో రాతలేమీ లేవు గనక ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ సినిమా పట్టుకుని చర్చి హాళ్ళకీ, లైబ్రరీ గదులకీ, కాలేజీలకీ తిరిగాం. ఒక్కోచోట హాలు నిండేది, ఒక్కోచోట మేం ముగ్గురం, తలుపు తాళం వేయడానికి కాచుకున్న మనిషీ. కోపంగా లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు, వెళ్ళినట్టే వెళ్ళి తిరిగొచ్చి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. లైట్లు వేశాక ఎవరో ఒకరు, ఆవిడ ఇప్పుడెలా ఉంది, ఇంట్లోనే ఉందా అని అడిగేవారు. ఇంట్లోనే ఉంది, కదలనంటోంది అని అక్క చెప్పేది. అక్కడికక్కడే బల్ల మీద కూర్చుని ఉత్తరాలు రాసేవారు. ఒకసారి ప్రతినిధిగారి ఆఫీస్‌కి కూడా వెళ్ళాం. నీళ్ళ బాటిల్ పట్టుకున్న ఒక కుర్ర ఉద్యోగి చివరిదాకా మర్యాదగా చూసి, చాలా కదిలించిందండీ అన్నాడు. కదిలింది అతనొక్కడే, ఫైలు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అయినా కోర్టు కూల్చివేతని ఆపింది. మా ఉత్తరాల వల్లో, అక్కడి లాయరు పట్టుదల వల్లో, ఎవరు చెప్పగలరు? అక్క క్లినిక్‌లో అందరికీ స్వీట్లు పంచింది. నేను పులిహోర చేసుకెళ్ళాను. ఆ ఆపడం కొన్నేళ్ళే. ఒక చలికాలం పొద్దున అక్క ఫోన్ చేసి, వీడియో పంపించాను చూడు అని పెట్టేసింది. నాకర్థమైంది. పక్క కొండ మీదినుంచి ఎవరో ఫోన్‌లో తీసి పంపిన వీడియోలో బుల్డోజర్ గోడని తోస్తుంటే, అది పడకముందే నాకు ఆ రాళ్ళ వరస తెలుసు. ఆ చలిలో బయటపడ్డ పెద్దమ్మకి జ్వరం తగిలితే, టౌన్లో ఉండే చిన్న కూతురు తీసుకెళ్ళింది.

ఆవిడ తిరిగొచ్చేలోగా ఇల్లు మళ్ళీ నిలబెట్టాలని చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళూ, బయటినుంచి వచ్చిన కొందరూ పూనుకున్నారు. ఎవరైనా వచ్చి ఆపేలోగా అయిపోవాలని ఆదరాబాదరాగా కట్టారు. గుమ్మం ఎటువైపన్న దగ్గర మాటామాటా వచ్చింది. రోజూ ఆ వాకిట్లోంచి నడిచిన పొరుగింటాయన ఎడమవైపన్నాడు. ఇంకొకాయన కాదన్నాడు. ఇంతలో ఎవరో లాప్‌టాప్ తెరిచి మా సినిమా పెట్టారు. సినిమాలో గుమ్మం కుడివైపుంది. సినిమాలో ఉన్నాక ఇంకేముంది? పొరుగింటాయన కూడా తల గోక్కుని, నాకే మతి పోయినట్టుంది అన్నాడట. గుమ్మం కుడి చివర పెట్టారు, దీపం గూడు కూడా దాని పక్కనే.

పెద్దమ్మని తీసుకొచ్చినరోజు ఆవిడ తల వంచుకుని, అలవాటు చొప్పున గోడకి ఎడమ చివరికి నడిచి చెయ్యి చాచింది. చెయ్యి రాతికి తగిలింది. అక్క ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే నేను స్టవ్ ఆపేసి వింటున్నాను. కుడికాలు సంగతి అక్క వాళ్ళమ్మకి విడమరిచి చెప్పిందట. పెద్దమ్మ చాలాసేపు నవ్వి, మార్చవద్దు అలాగే ఉంచండి, కూల్చమన్న కాగితంలో గుమ్మం ఎడమవైపని రాసుంటుంది, ఇది వేరే ఇల్లని చెబుదాం, వాళ్ళు కొత్త కాగితం రాసుకోవాలి, అందాకా నేను హాయిగా నిద్రపోతాను అందట.

వాళ్ళు కొత్త కాగితం రాసుకున్నారు. రెండోసారి కూల్చాక మళ్ళీ కట్టడానికి పెద్దమ్మ లేదు, టౌన్లో కూతురింట్లోనే పోయింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయి ఊరు ఖాళీ అయింది. కంప్యూటర్ మ్యాప్‌లో ఆ కొండ పక్కన వెతికితే మట్టిరంగు తప్ప ఏమీ లేదు. కానీ నాకు అది పోలేదు. కూరగాయలు తరుగుతుంటే బొక్కెన చప్పుడు వినిపిస్తుంది. కళ్ళు మూసుకుంటే ఒకసారి ఎడమ గుమ్మం, ఒకసారి కుడి గుమ్మం. ఏ గుమ్మంలోంచి చూసినా పెద్దమ్మ లోపలికి వెళ్తూనే ఉంటుంది, బయటికి మాత్రం ఎప్పుడూ రాదు. ఆ ఇంటికి శుభం జరగాలని నేను మీట నొక్కిన మాట నిజం. అది తలుచుకున్నప్పుడల్లా భయమేస్తుంది, ఎందుకో చెప్పలేను.

ఈ రోజుల్లో అలాంటి ఊళ్ళు అందరి ఫోన్లలోనూ కూలుతున్నాయి. వేలు జరిపితే ఇల్లు, మళ్ళీ జరిపితే వంట. హాల్లో పక్కనున్న మనిషి ఊపిరి వింటూ చివరిదాకా కూర్చోవడం, లైట్లు వేశాక ఆవిడ ఎలా ఉందని అడగడం ఇప్పుడు ఎక్కడుంది? ఎమ్మెస్ చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలైతే ఆ ఊళ్ళ మాటెత్తితే చాలు గొంతు తగ్గించి, వద్దాంటీ, వీసా ఇష్యూ అయిపోతుంది అంటున్నారు. ఒకప్పుడు మా ఆయన వేళాకోళంగా అన్న మాట ఇప్పుడు నిజంగా భయపడవలసిన మాటైంది.

అక్క మిషిగన్‌లో కొడుకు దగ్గరుంటోంది. మతిమరుపు వచ్చింది. మంచిగా ఉన్నరోజు చూసి కొడుకు వీడియో కాల్ కలిపిస్తాడు. పోయిన నెలలో అలాగే కలిపిస్తే, కుశలప్రశ్నలేవీ లేకుండా, "ఉఖ్తీ, మా ఇంటి గుమ్మం ఎటువైపు?" అని అడిగింది. ఎడమవైపక్కా అన్నాను. తొట్టి దాటి పైకి వస్తే గోడకి ఎడమ చివర, పక్కనే దీపం గూడు, తలుపు కొంచెం భుజంతో తోయాలి అని చెప్పుకుంటూ పోయాను. అక్క మొహం విప్పారింది. "నువ్వు మా ఊరు ఎప్పుడెళ్ళావు? అమ్మ నీకేమైనా పెట్టిందా తినడానికి?" అంది. పెట్టిందక్కా అన్నాను, రొట్టె, ఆలివ్ నూనె. ఒకప్పుడు ఆ ఊరి సంగతి చెప్పడానికి అక్క ఉండేది, అడగడానికి హాలు నిండా మనుషులుండేవారు. ఇప్పుడు అడిగేది అక్క ఒక్కతే. చెప్పాల్సినదాన్ని నేను, ఆ ఊరి మట్టి ఒక్కసారైనా తొక్కనిదాన్ని.