తలుపు తియ్యని తల్లి

భవానీపురంలో మా పక్కింటి టీచరమ్మగారు చర్చి పత్రికకు కథలు రాసేవారు. చూపు తగ్గాక, ఆవిడ కళ్లు మూసుకుని చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. ఆ కథల్లో ఎంతటి పాపినైనా చివరికి ఎవరో ఒకరు అక్కున చేర్చుకునేవారు.

తాగి లారీ నడిపిన ఒక డ్రైవరు టీచరమ్మగారి అమ్మాయిని గుద్ది చంపాడు. ఆ తర్వాత ఆవిడ మొదలుపెట్టింది ఒక్క కథే. అందులో జైలు నుంచి వచ్చిన డ్రైవరు, చనిపోయిన పిల్ల తల్లి ఇంటికెళ్లి తలుపు కొడతాడు. కథ అక్కడే ఆగిపోయింది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చునేవాళ్లం. ఒక్క వాక్యం కూడా ముందుకు కదలలేదు.

ఆవిడ అవస్థ చూడలేక ఒకరోజు అడిగాను. "ఆ తల్లి క్షమించేసిందని రాసేద్దామా అండీ?"

"నేనూ చెప్పి చూశానమ్మా. ఆవిడ కుర్చీలోంచి లేవట్లేదు. నన్నేం చెయ్యమంటావు?"

"పోనీ, వెళ్లిపొమ్మందని రాద్దామా?"

"అమ్మో, వద్దు!" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వాడెక్కడికి పోతాడు, పాపం?"

నా చెయ్యి వదిలి, మళ్లీ కళ్లు మూసుకున్నారు. చివరికి ఆవిడే అన్నారు.

"యేసయ్యే వెళ్లి తలుపు తీశాడని రాయమ్మా. తల్లి మొహం తిప్పుకుని కూర్చునే ఉందని కూడా రాయి. అంతకన్నా నా వల్ల కాదు."