అక్క ఒడిలో మా ఇంటి బియ్యం

ఇన్నాళ్లూ ఈ సంగతి మీద నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. మా అన్నను అడిగారు, బావను అడిగారు, చివరికి ఆ రోజు ఊళ్లోనే లేని మా చిన్న మేనకోడలికి కూడా ఫోన్ చేసి అడిగారట. బియ్యం మా ఇంటివి. ఆటోలో వాటిని అక్క ఒడిలో పెట్టింది నేను. నాకు మాత్రం ఫోన్ రాలేదు. ఎవరూ అడగనప్పుడు మనిషి తనంతట తానే చెప్పుకోవాలి కాబట్టి ఈ పత్రికకు ఇది రాస్తున్నాను.

మా వైపు ఆడపిల్లకు పెళ్లయ్యాక పుట్టింటివాళ్లు కొన్నేళ్లకొకసారి ఒడిబియ్యం పోస్తారు. బేసి సంవత్సరం చూసుకుని, ఆమెను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ కొంగులో పోస్తారు. ఆమె వాటిని ఒడిలో పెట్టుకుని అత్తింటికి వెళ్లి, మంచిరోజు చూసి వండి, అయినవాళ్లను పిలిచి పెడుతుంది. ఒకసారి పోశాక మళ్లీ కొన్నేళ్లు గడిచేదాకా పోయకూడదు.

అమ్మానాన్నలు పోయిన తర్వాత అక్కకు ఒడిబియ్యం ప్రతిసారీ తిరుమలగిరిలో మా అన్న ఇంట్లోనే పోశారు. సీతాఫల్‌మండిలో నా ఇల్లు కూడా తోడబుట్టినవాడి ఇల్లే. అక్కడ ఒక్కసారీ పోయలేదు. నేను అడగక కాదు. "ఈసారి మా ఇంట్ల పోసుకో అక్కా" అన్నప్పుడల్లా అక్క "చాయ్ తాగుతవా తమ్మీ" అనేది. చాయ్ వచ్చేది. జవాబు వచ్చేది కాదు.

నాకు మరుపు తక్కువ. పెద్ద మేనకోడలి పెళ్లి పత్రికలో మేనమామగా అన్న పేరొక్కటే అచ్చయింది. నేను అడుగున ఉండే బంధుమిత్రులలో కలిసిపోయాను. బావ షష్టిపూర్తి రోజు ఫొటోలు తీసే మనిషి "పుట్టింటోళ్లు రాండ్రి" అని పిలిచే సమయానికి నన్ను పెరుగు తెమ్మని బజారుకు పంపించారు. తెచ్చేసరికి ఫొటో అయిపోయింది. పెరుగు పుల్లగా ఉందని కూడా అన్నారు. ఆ ఫొటో ఇప్పటికీ బోయిగూడలో అక్క ఇంటి ముందుగదిలో ఉంది. అందరూ బాగా పడ్డారు.

ఇక అక్క జబ్బు సంగతి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే గ్యాస్ అనుకుని సోడాలు తాగింది. చివరికి అది గుండె దాకా వచ్చింది, ఆపరేషన్ తప్పలేదు. ఆసుపత్రిలో డాక్టర్లతో మాట్లాడే పని అన్న తీసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు ధాటిగా వస్తుంది. వరండాలో కుర్చీ కాపలా నాది. లోపలినుంచి ఏ కబురు వచ్చినా ముందు అన్నకు, తర్వాత బావకు, ఆ తర్వాత చాయ్ తెచ్చినవాళ్లకు తెలిసేది. నేను వాళ్ల ముఖాలు చూసి తెలుసుకునేవాణ్ని.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపేముందు డాక్టరు కొన్నాళ్లు మెట్లెక్కవద్దనీ, బరువులు ఎత్తవద్దనీ, దగ్గు వస్తే ఛాతీకి దిండు అదిమి పట్టుకోవాలనీ చెప్పాడు. బోయిగూడలో అక్కవాళ్లది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అన్న వెంటనే "మా ఇంటికి తీస్కపోదం, కింది రూం ఖాళీ చేపిస్త" అన్నాడు. మంచం మీదినుంచి అక్క సన్నని గొంతుతో "వద్దన్నా. తమ్ముని ఇంటికి పోత" అంది.

నేను గుమ్మం దగ్గరి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఆడ రూం ఖాళీ చేసేదుండదు, మెట్లు సుత లేవు గద" అని అక్క మాట పూర్తి చేసింది.

నేను మళ్లీ కూర్చున్నాను.

అయితేనేం, వచ్చింది. మా పడకగది అక్కకు ఇచ్చి, నా మంచం హాల్లోకి జరిపాం. ఆ రోజులు నిజంగా బాగుండేవి. పొద్దున ఎండ గేటు దాటి వరండాలోకి రాగానే అక్క దిండును చంటిపిల్లలా ఛాతీకి ఆనించుకుని వచ్చి కూర్చునేది. బండి మీద కూరగాయలు తెచ్చే మనిషిని పిలిచి, కొనకుండానే బెండకాయల చివరలు విరిచి చూసి పంపించేది. పక్కింటి ముస్లిం ఆవిడ గోడ మీదుగా "కైసే హో ఆపా, నడుస్తున్నరా?" అని రోజూ పలకరించేది. అక్క "జెర జెర" అని వేళ్లతో చూపించేది.

ఉప్పు దగ్గరే అక్కకూ మా ఆవిడకూ పేచీ.

"ఇది పప్పా పిల్లా, గోడకేసే రంగా?"

"డాక్టర్‌నడుగుండ్రి వదినా. నేనైతే రెండు పలుకులు ఎక్కువనే ఏసిన."

"ఏస్తే ఏడికి పోయినయ్?"

"మీ తమ్ముని కంచంలకు పోయినయ్. ఆయన అండ్ల సుత తక్వైనయంటడు."

బావ సాయంత్రం కాగానే బోయిగూడ నుంచి వచ్చేవాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, చాయ్ తప్ప ఏదీ కాయలేడు. అక్క ముందు తినకూడదని మా గల్లీ మొగన మిర్చీబజ్జీ తిని, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవాడు.

"ఏం తిన్నవ్?" అనేది అక్క.

"ఏం తినలే."

"మీసం దగ్గరికి తే."

బావ నా వైపు చూసేవాడు. నేను పేపరు వైపు చూసేవాణ్ని. షష్టిపూర్తి నాడు పెరుగుకు పంపింది ఆయనే.

పెద్ద మేనకోడలు తన పాపను తీసుకుని ఆ రోజుల్లోనే వచ్చింది. పాపకు ఏడాది దాటినా నడక రాలేదని వాళ్లు పరేషాన్ అవుతున్నారు. అక్క డాక్టరు చెప్పిన నడక కోసం వరండా గోడ పట్టుకుని మెల్లగా అడుగులు వేస్తుంటే, పాప కూడా లేచి వెనకాల అదే గోడ పట్టుకుంది. అక్క ఆగితే తనూ ఆగింది. అక్క ఊపిరి తీసుకోవడానికి ఇంకోసారి ఆగినప్పుడు మాత్రం ఆగలేదు, గోడ వదిలేసి అమ్మమ్మను దాటి గేటు దాకా వెళ్లి అక్కడ చతికిలబడింది. అక్క "నన్ను దాటిపోయింది సూడుండ్రి" అని నవ్వబోయి, నొప్పి పుట్టి, దిండు అదిమి పట్టుకుని మరీ నవ్వింది. మేనకోడలు అదంతా ఫోన్లో తీసి ఇంటివాళ్ల గ్రూపులో పెట్టింది. ఆ వీడియోలో నా కుడికాలు పడింది. అన్న చూసి "ఎవరిదా కాలు" అని అడిగాడు. ఎవరూ జవాబివ్వలేదు. అయినా ఆ పాప మొదటి అడుగులు పడింది నా వరండాలోనే. దాన్ని ఎవరూ తిరుమలగిరికి మార్చలేరు.

అక్కకు కొత్త బియ్యం అరిగేవి కావు. మా ఇంట్లో బియ్యం ఒకేసారి కొని డ్రమ్ములో పోసి పాతబడనిస్తాం. పురుగు పట్టకుండా మా ఆవిడ వాటికి కాస్త ఆముదం, కాస్త పసుపు పట్టిస్తుంది, కడిగితే పోతుంది. ఆ పాత బియ్యం మెత్తగా వండి పెడితే అక్కకు హాయిగా ఉండేది.

ఇంతలో ఒక సాయంత్రం బావ నోటి వెంట ఒక మాట జారింది. ఇది బేసి సంవత్సరం కాబట్టి అక్క ఇంటికి వెళ్లి తేరుకున్నాక తిరుమలగిరిలో ఒడిబియ్యం పోయాలని అనుకున్నారట. వదిన చీర కూడా కొనేసిందట. అక్క నా ఇంట్లో ఉంది, నా ఇంటి అన్నం తింటోంది, ఒడిబియ్యం మాత్రం మళ్లీ అక్కడే. లోపలికి వెళ్లి అక్క మాత్రలు తెచ్చి ఇచ్చాను. అక్కకు కోపం తెప్పించే మాట ఏదీ మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడు. అందరికీ చెప్పాడు, పాటించింది నేనొక్కణ్నే.

మెల్లగా మెట్లెక్కవచ్చని డాక్టరు అన్నాక అక్క బయల్దేరింది. ముత్తయిదువ ఇంటినుంచి వెళ్లేటప్పుడు ఎవరైనా చేసేదే మా ఆవిడా చేసింది. బొట్టు పెట్టి రవికగుడ్డ చేతికిచ్చింది. అక్క "ఆ పాత బియ్యం జెర కట్టియ్యి పిల్లా, ఆడికి పోయినంక మళ్ల కొత్తయి తింటె అరుగయి" అంది. సంచులన్నీ బట్టలతో, మందులతో నిండిపోయాయి. మా ఆవిడ అటూ ఇటూ చూసి, ఆ రవికగుడ్డలోనే బియ్యం పోసి ముడి వేసింది. రక్తం పడుతుందని బావ తెచ్చిన ఖర్జూరాలు మిగిలితే అవీ పైన పెట్టింది.

ఆటోలో అక్క మధ్యన, బావా నేనూ చెరో పక్కన కూర్చున్నాం. సంచులు కాళ్ల దగ్గర సర్దాం. బియ్యం కాళ్ల దగ్గర పెట్టకూడదు కదా. నేను మూట తీసి అక్క ఒడిలో పెట్టాను.

"బరువు వద్దన్నడు డాక్టర్" అన్నాడు బావ.

"ఎత్తొద్దన్నడు. ఒళ్లె పెట్టుకోవద్దనలే" అన్నాను.

అక్క ఒక చేత్తో దిండు, ఒక చేత్తో మూట పట్టుకుని కూర్చుంది. చిలకలగూడ మలుపులో ఆటో ఎగిరినప్పుడు ముడి వదులై కాసిని గింజలు కొంగులోకి రాలాయి. దులుపుదామంటే "ఉండనియ్యి" అంది.

బోయిగూడలో మెట్ల కింద అన్న, వదిన ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉన్నారు. అక్క దిగింది. నుదుట బొట్టు, కొంగులో పసుపు గింజలు. వదిన చేతిలో పళ్లెం ఆగిపోయింది.

"ఏందిది?"

"బియ్యం" అన్నాడు బావ.

"బియ్యమే. పసుపుబియ్యం."

"పురుగు పట్టకుంటనమ్మా."

"రవికగుడ్డల గట్టిండ్రు. ఖర్జూరాలు సుత పెట్టిండ్రు. పుట్టింటికెల్లి ఒళ్లె పెట్టుకొని దిగింది. ఇదేందో నాకు తెల్వదా అన్నయ్యా?"

పుట్టింటినుంచి. ఆ మాట వదిన నోటి నుంచే వచ్చింది. ఆవిడ కోపంలో అంది కానీ అంది. ఆమె మాట మళ్లీ మార్చుకుంటుందేమోనని నేను కదలకుండా నిలబడ్డాను.

అన్న నా వైపు తిరిగాడు. "ఒక్క మాట చెప్తె మేం రాకపోదుమారా? దొంగతనంగ పోసుడేంది?"

"నన్నెందుకడుగుతవ్. అక్కనడుగు" అన్నాను. 

అందరం అక్క వైపు చూశాం. అక్క దిండును ఛాతీకి అదుముకుని ఒకసారి దగ్గింది.

"జెర పైకి తీస్కపోండ్రి. నిలవడ శాతనైతలేదు" అంది.

అంతే. అన్న ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. బావ ముందు నడుస్తూ "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని ప్రతి మెట్టు దగ్గరా చెప్పాడు. వెనకాల మూట వదినే మోసుకొచ్చింది. అక్క చేతి బరువు నా భుజం మీద ఉంది. చాలా ఏళ్లుగా అన్నా నేనూ ఒకే పని కలిసి చేయలేదు. ఆ మెట్లెక్కుతున్నంతసేపూ నాకు ఎవరి మీదా కోపం లేదు.

తర్వాత వచ్చింది. ఒకసారి పోశాక మళ్లీ పోయకూడదని వదిన తన ఏర్పాట్లు మానేసింది. కొన్న చీర అక్కకు "ఊకనే కట్టుకో" అని ఇచ్చి వెళ్లిందట. అన్న కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. అక్కను మళ్లీ డాక్టరుకు చూపించాల్సి వచ్చినప్పుడు తనే ఫోన్ చేశాడు. మాట్లాడనిది ఆయన, ముందు మాట్లాడింది కూడా ఆయనే. నేను రెండూ గుర్తు పెట్టుకున్నాను.

ఒక శుక్రవారం అక్క మమ్మల్నందరినీ భోజనానికి పిలిచింది. మా బియ్యంతోనే అన్నం వండింది, పరమాన్నం చేసింది. వదిన మొదటి ముద్ద దగ్గర తటపటాయించి, తర్వాత రెండోసారి కూడా పెట్టించుకుంది. అందరి చేతులూ కంచాల్లో ఉన్న సమయం చూసి అడిగాను.

"అక్కా, ఇవి ఒడిబియ్యమేనా?"

చేతులన్నీ ఆగాయి. అక్క గరిటె పప్పులో ముంచింది.

"పప్పుల ఉప్పు సరిపోయిందా సూడు తమ్మీ. నాకైతే అలవాటు తప్పింది, తెలుస్తలేదు."

నవ్వు ఆపుకోలేక బావకు పొలమారింది. వదిన ఆయన తల మీద తట్టింది. ఉప్పు సరిపోయింది. ఆ మాట చెప్పాను. నా మాటకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు అక్క ఆరోగ్యంగా ఉంది. రెండు అంతస్తులూ తనే దిగుతుంది, ఎక్కుతుంది. నెలకోసారైనా ఎవరూ పిలవకుండా ఆటో మాట్లాడుకుని మా వరండాలోకి వచ్చి కూర్చుంటుంది, సాయంత్రం దాకా వెళ్లదు. పక్కింటావిడతో గోడ మీదుగా మాట్లాడుతుంది, మా ఆవిడతో ఉప్పు గురించి పోట్లాడుతుంది. అక్క వచ్చిన రోజు నాకు ఇంట్లో ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. అది వేరే సంగతి.

వదిన ఆ సంగతి మళ్లీ కదిపింది. అవి ఒడిబియ్యం కాకపోతే ఈ ఏడు ఇంకా మిగిలే ఉందనీ, మంచిరోజు పెట్టిస్తాననీ అందట. అన్నను అడిగింది, బావను అడిగింది, చిన్న మేనకోడలికి ఫోన్ చేసింది. వాళ్లకు ఏం తెలుసు? పోసినవాళ్లం మేం, పట్టినది అక్క. మేం తెలియక పోశాం, నిజమే. కానీ కొంగులో పడ్డ గింజలను దులపనివ్వని మనిషికి, వాటిని మూట కట్టి ఉంచి శుక్రవారం చూసి వండి అందరికీ పెట్టిన మనిషికి, అవేమిటో తెలియకుండా ఉంటుందా?

అక్కా, నువ్వు ఈ పత్రికలో ఒక్క అక్షరం వదలకుండా చదువుతావు, ఇదీ చదువుతావు. వచ్చే ఆదివారం నేను బోయిగూడ వస్తున్నాను. అన్నను, వదినను కూడా రమ్మన్నాను. వాళ్లిద్దరి ముందూ, బావ ముందూ, మా ఇంటినుంచి నువ్వు ఒడిబియ్యం తెచ్చుకున్నావా లేదా చెప్పు. అవునంటే అవునను, కాదంటే కాదను. ఏదైనా సరే, ఈసారి నాకు జవాబు కావాలి.