స్లాబుకి ఆదివారం లేదు

కొత్త స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలిపితే, ఎండకి పచ్చి సిమెంటు వాసన లేస్తుంది. ఈ పొద్దున మలికిపురంలో నేను కట్టిస్తున్న ఇంటి మీద ఆ వాసన తగలగానే యేసురత్నం గారు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మనిషి పోయి ఇన్నేళ్ళయినా ఆయన మీద నా చిరాకు పోలేదు.

ఆయన అమలాపురంలో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. ఇంజనీరింగ్ అవగానే నేను చేరింది ఆయన దగ్గరే. ఒక బియ్యం వ్యాపారి ఇంటికి ఏ పని ఏ రోజో ప్లాను వెయ్యమన్నారు. మొదలుపెట్టే తేదీ, గృహప్రవేశం తేదీ కంప్యూటరుకిచ్చి, ఆదివారాలు తీసేసి, పనిదినాలు ఇవీ అని గర్వంగా చూపించాను.

"అమావాస్యలు తీసేరా అమ్మాయి గారూ? ఆ రోజున మేస్త్రులు తాపీ ముట్టుకోరండీ."

తీసి మళ్ళీ పట్టుకెళ్ళాను.

"గుడ్ ఫ్రైడే అండీ? సగంమంది చర్చిలో ఉంటారు."

అదీ తీశాను. ఇంటాయనకి మంగళవారం పట్టింపట, ఆ రోజు కొత్త పని మొదలెట్టనివ్వరట. అన్నీ ఒక్కసారి చెబితే ఆయన సొమ్మేం పోయింది? సాయంత్రానికి పెళ్ళి ముహూర్తాల దగ్గరికొచ్చారు.

"మేస్త్రులకి ముహూర్తాలేంటండీ?" అన్నాను విసుగ్గా.

"వాళ్ళు మటుకు పెళ్ళిళ్ళకెళ్ళరా అండీ?"

ఇక అయిపోయిందనుకుంటే, స్లాబు దగ్గర వేలు పెట్టారు. "ఇక్కడ ఆదివారాలు ఎందుకు తీసేరండీ?"

"సెలవు కదండీ!"

"ఆయ్, మనకి సెలవు. స్లాబుకెక్కడిదండీ? కింద ఆన్చిన సెంట్రింగ్ కర్రలు విప్పేదాకా రోజూ నీళ్ళుండాల్సిందే. అక్కడ రోజులన్నీ లెక్కే."

మరి ఆదివారం నీళ్ళు పెట్టేదెవరు? కూలీలను పిలవడానికి ఆయనకి మనసొప్పదు. ఆరాధన అవగానే తెల్లపంచె ఎగ్గట్టి తనే వచ్చి గొట్టం పట్టేవారు. చూసి నేర్చుకోవాలని నన్నూ రమ్మనేవారు. ఇంట్లో నా కోడికూర చల్లారిపోయేది.

చివరికి అనుకున్నంతా అయింది. అకాల వానలకి స్లాబు వెయ్యడం వెనకబడింది. వ్యాపారి శుభలేఖలు పంచేసి వచ్చి కూర్చున్నాడు. "నాలుగు రోజులు ముందు విప్పితే కొంపలంటుకుంటాయేంటండీ? విప్పకపోతే పై అంతస్తు ఇంకొకరికిచ్చేస్తాను."

మా చేతిలో ఉన్న తర్వాతి పని ఆ పై అంతస్తొక్కటే. నా ఉద్యోగమూ దాని మీదే ఉంది. ఒప్పుకోండని కళ్ళతోనే బతిమాలాను.

"పై అంతస్తు మీ ఇష్టమండీ," అన్నారు యేసురత్నం గారు. "దీని కింద పడుకునేది మీ పిల్లలండీ."

గృహప్రవేశం సెంట్రింగ్ కర్రల మధ్యే జరిగింది. పంతులుగారు వంగి వంగి నడిచారట. పై అంతస్తు పోయింది, వెనకే నా ఉద్యోగమూ పోయింది. ఆ ముసలాయన మొండితనాన్ని చాలాకాలం తిట్టుకున్నాను.

ఇందాక మలికిపురం ఇంటాయన ఫోన్ చేశారు. "మేడమ్ గారూ, చుట్టాలొచ్చేత్తన్నారండీ. శుక్రవారం విప్పించేయండి."

"సోమవారం దాకా కుదరదండీ."

"అయితే మిగతా పనికి వేరేవాళ్ళని చూసుకుంటామండీ."

"చూసుకోండి. సోమవారం దాకా కర్ర కదలదు."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఈ పని పోతే నా దగ్గరున్న నలుగురికీ ఏం చెప్పాలో తెలియదు. ఆ రోజు వ్యాపారి ముందు కూర్చుని నేను ఆయన మొహమే చూస్తూ ఉన్నాను. ఆయన చేతులు చూడలేదు.